దుకాణానికొకటి, ఇంట్లకొకటి

మొన్న వరంగల్ నుంచి మనవరాలు ఫోను చేసి, నేనిచ్చిన రెండు మూటల్లో ఒకటే నేల ఉసిరి, రెండోది దాన్ని పోలిన ఉత్త కలుపుమొక్క అని చెప్పినప్పటి నుంచి, మా నాయిన ఫోటోకు దండం పెట్టడానికి నాకు చేతులు రావడం లేదు. ఆ పిల్ల చదువే అది, మూలికలకు జన్యుపరీక్ష చేయడం. ఆకు ఎండి పొడి అయినా దాని పుట్టుక దాగదట.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, పడితే పడనీ. జనగామ అంగడి వీధిలో మా మూలికల దుకాణం ఖాళీ చేస్తుంటే దొరికిన మూటలవి. వచ్చిన ప్రతి సరుకులోంచి పిడికెడు తీసి, గుడ్డలో కట్టి, చీటీ రాసి దూలానికి వేలాడదీయడం నాయిన అలవాటు. అసలైన మూట మీద 'తండా ఆమెది, ఇంట్లకు' అనీ, రెండోదాని మీద 'పట్నం బస్తా, దుకాణానికి' అనీ ఉంది, రెండూ ఆయన రాతే, ఒకే ఏడాదివే. పట్నం బస్తాల సంగతే నాకు తెలియదు. తరిగొప్పుల పక్క తండా నుంచి ఒకామె పొలం గట్ల మీద ఏరి, నీడన ఆరబెట్టి తెచ్చేదే అమ్ముతున్నామనుకునేవాణ్ణి.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. ఆ వానాకాలం మా చెల్లెలికి పసిరికలు, అంటే పచ్చకామెర్లు, అయితే ఇంట్లో నేల ఉసిరి కషాయం తాగి తేరుకుంది. అదే వారంలో ఒక రైతు దుకాణానికొచ్చి, మా దగ్గర కొన్న ఆకు నెల నుంచి తాగుతున్నా భార్య పసిరికలు తగ్గలేదేమని అడిగాడు. నాయిన తలెత్తకుండానే, "తండా ఆమె కల్తీ కలిపినట్టున్నది. నమ్మితె గిట్లనే ఉంటది," అన్నాడు. మధ్యాహ్నం బస్సు దిగి వచ్చిన ఆమె కట్టలను నేను నలుగురిలో రోడ్డు మీదికి విసిరేశాను. ఆమె ఒక్కొక్కటీ ఏరుకుని, "మీ నాయిననడుగు బిడ్డా," అని మాత్రం అంది. నాయిన త్రాసు తుడుస్తూ ఉండిపోయాడు. నేనడగలేదు. ఆమె మళ్లీ మా గడప తొక్కలేదు.

ఏది ఏమిటో ఆయనకు తెలుసు, అందుకే మంచిది ఇంటికి దాచాడు. ఊరిని మోసం చేయడం ఒక ఎత్తు, నా చేతనే ఆ కట్టలు విసిరేయించడం ఒక ఎత్తు. దాన్ని నేను క్షమించలేను.

నిన్న తండాకు పోయాను. ఆమె చనిపోయి చాలా ఏళ్లయిందట. ఆమె కూతురికి పరీక్ష కాగితం చూపించి అంతా చెప్పాను. ఆమె కాగితం ముట్టుకోలేదు.

"మా అవ్వకు గప్పుడే తెలుసు సేటూ. నీకే గిప్పుడు తెల్సింది," అంది.

ఈ రోజుల్లో చిటికెడు ఆకు కూడా తన సాక్ష్యం తాను చెప్పుకుంటోంది, అందరూ నమ్ముతున్నారు. ఆ రోజుల్లో ఒక మనిషి నడివీధిలో నిలబడి చెబితే, సేటు మాట ముందు ఎవరూ నమ్మలేదు. అందరికంటే ముందు నేను నమ్మలేదు.