వద్దన్న చీర

మా మరిది తన పెళ్లాన్ని, అంటే నా చెల్లెలిని, మొదటిసారి కొట్టిన వారానికి మా ఇంటికి కొత్త మిక్సీ వచ్చింది. అప్పటికి నాకు ఆ సంగతి తెలియదు. అతను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజరు. చేతికి ఎముక లేని మనిషని చుట్టాల్లో పేరు. రెండోసారి కొట్టిన దెబ్బకు చెల్లెలికి ఎడమ చెవి వినిపించకుండా పోయింది. ఆ నెలలో నాకు గోడ గడియారం తెచ్చాడు. అప్పుడు మాత్రం నాకు అంతా తెలుసు. తెలిసి కూడా, "ఎందుకివన్నీ మరిదీ?" అని నవ్వి తీసుకున్నాను. నేను ముఖం ముడుచుకుంటే ఆ కోపం చెల్లెలి మీద తీర్చుకుంటాడని భయం.

సూర్యాపేటలో మా గృహప్రవేశానికి ఎర్ర పట్టుచీర తెచ్చాడు. భోజనాలు మొదలవబోతున్నాయి, ఇల్లంతా జనం. చెల్లెలు ఎడమ చెయ్యి కొంగులో దాచుకుని నిలబడింది. కొంగు జారినప్పుడు చూశాను. మణికట్టు వాచి నల్లబడి ఉంది.

"ఈ చీర నాకొద్దు మరిదీ," అన్నాను.

"రంగు నచ్చలేదా వదినా? మార్పిస్త."

"రంగు మంచిగనే ఉంది. నువ్వు నా చెల్లెను కొట్టినప్పుడల్లా నాకేదో ఒకటి తెస్తున్నవ్. ఇగ తీసుకోను."

అతను నా వైపు చూడనే లేదు. చెల్లెలి జుట్టు పట్టుకుని, "మీ అక్కకేం చెప్పినవే?" అంటూ దాని తలను గుమ్మానికేసి కొట్టాడు. కొత్త పసుపు మీద నెత్తురు జారింది. నా చేతిలో ఇత్తడి తాంబాళం ఉంది. దాంతో అతని మూతి మీద కొట్టాను. పెదవి చీలింది. మళ్లీ కొట్టాను. మా ఆయన వచ్చి పట్టుకోకపోతే ఇంకా కొట్టేదాన్నే. ఆ క్షణాన నాకు హాయిగా అనిపించింది, అది దాచను.

"నవ్వుకుంట తీస్కుంటే ఏం పోతుండె నీకు? అందరి ముంగట ఇజ్జత్ తీస్తివి," అని మా అమ్మ నన్నే తిట్టింది.

దవాఖానలో నుదుటికి ఆరు కుట్లు వేశారు. "నువ్వు గా చీర తీసుకుంటే నాకీ కుట్లు పడకపోతుండె అక్కా," అంది చెల్లెలు. మొదటే మిర్యాలగూడ వెళ్లి, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఏం చేద్దామని అడగాల్సింది. నా నిజాయితీకి దెబ్బలు తిన్నది చెల్లెలు.

నర్సు వచ్చి, "ఎట్ల తాకిందమ్మా?" అని అడిగింది. చెల్లెలు ఎప్పుడూ జారిపడ్డానని చెప్పేది. ఆ రోజు గోడ వైపు చూస్తూ, "మా ఆయన కొట్టిండు, రాసుకోండి," అంది.

కేసు పెట్టింది. కోదాడలో గది కిరాయికి తీసుకుని బట్టలు కుడుతోంది. ఆర్నెల్లకు అతను కొత్త ఫోను పట్టుకుని అక్కడికి వెళ్లాడు. అది గ్రిల్ తలుపు తీయలేదు. "నాకొద్దు, పో," అంది. అతను ఆ ఫోనును గ్రిల్‌కేసి పగలగొట్టి, తలుపును కాళ్లతో తన్నాడు. పక్కింటివాళ్లు పట్టుకుని పోలీసులకు అప్పగించారు.

నేను బస్సు దిగి వెళ్లేసరికి అది గాజుపెంకులు ఊడుస్తోంది.

"భయమైందా?" అన్నాను.

"మస్తు భయమైంది," అని, చీపురు నా చేతికిచ్చి కూర్చుంది.