రెండో కంటికి నా షరతులు

మొదటి కంటికి శుక్లం తీయించుకుని మూడు నెలలైనా చూపు మసకగానే ఉండిపోయింది. కోల్‌కతా పక్కనున్న లిలువాలో మా ఎదురింటి డాబా మీద ఆరేసిన చీరలు రంగులు కలిసిపోయి కనిపించేవి. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు టార్చి వేసి చూసి, "కొందరికి ఇంతే, చుక్కలు వేసుకోండి" అని పంపేశాడు.

నేను ఊరుకునే మనిషిని కాను. నా భర్త పోయాక ఆయన ఉద్యోగం నాకు ఇచ్చారు. రైల్వే వర్క్‌షాపులో ఇరవై ఆరేళ్లు ఇనుము కోసే లేత్ మెషీన్ మీద పనిచేశాను. ఒక ముక్క చెడితే ఎందుకు చెడిందో తెలుసుకోకుండా మరోటి బిగించేదాన్ని కాదు.

చెల్లెల్ని వెంటబెట్టుకుని కోల్‌కతాలో వేరే ఆసుపత్రికి వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ చిన్నది, బెంగాలీ పిల్ల. రెండు కళ్లకూ ఏదో ఫొటో తీసి, వాళ్ల భాషలో పిన్నీ అన్నట్టు "మాషీమా" అని పిలుస్తూ హిందీలో నిదానంగా చెప్పింది.

"మాషీమా, నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొరకు లోపలివైపు ఒక వరుస కణాలుంటాయి. అవే నీటిని తోడేసి పొరను తేటగా ఉంచుతాయి. మీ శుక్లం బాగా గట్టిది. దాన్ని పగలగొట్టడానికి అల్ట్రాసౌండ్ ఎక్కువ వాడినట్టున్నారు. కణాలు చాలా పోయాయి. ఆపరేషన్‌కు ముందే ఇలా ఫొటో తీసి లెక్కపెట్టి ఉంటే జాగ్రత్తపడేవాళ్లు."

"మళ్లీ పుట్టవా?"

"పుట్టవు."

రెండో కంట్లోనూ శుక్లం అంతే గట్టిదట, కణాలూ తక్కువేనట. చెల్లి నా చెయ్యి పట్టుకుని లాగింది. "ఒద్దే అక్కా, ఉన్న సూపుతో ఎల్లదీద్దాం."

"ఏటి ఎల్లదీసేది? గుడ్డిదాన్నయి కూకోమంటావా?"

ఆపరేషన్ రోజు సంతకానికి కాగితం తెచ్చిన మనిషి తొందరపెట్టాడు. నేను పెన్ను పక్కన పెట్టేశాను. డాక్టరమ్మ వచ్చేదాకా చెయ్యనన్నాను. వరుసలో వెనకున్నవాళ్లు విసుక్కున్నారు. చెల్లి తల దించుకుంది. నేను మాత్రం దించలేదు.

డాక్టరమ్మ వచ్చింది. అడిగాను: "గట్టి ఇనుము కోసేటప్పుడు వేడెక్కకుండా మేం కూలెంట్ నీళ్లు ఆపకుండా పోస్తాం. మీరేం పోస్తారు?"

ఆమె నవ్వింది కానీ ఎగతాళిగా కాదు. "నీళ్లు పారుతూనే ఉంటాయి. పైగా కణాలకు అడ్డంగా చిక్కటి జెల్ పూస్తాను. శుక్లాన్ని ముందు కొక్కెంతో ముక్కలు చేస్తాను, అప్పుడు అల్ట్రాసౌండ్ తక్కువ సరిపోతుంది."

"జెల్ మధ్యలో కొట్టుకుపోతే?"

"మళ్లీ వేస్తాను."

"వేసినప్పుడల్లా నాకు చెప్పాలి. ముక్కలు లొంగకపోతే మెషీన్ ఆపేసి చేత్తో తియ్యాలి."

"గాటు పెద్దదవుతుంది మరి."

"కానివ్వండి."

అప్పుడు సంతకం పెట్టాను.

బల్ల మీద మెలకువగానే ఉన్నాను. మెషీన్ చప్పుడు కాసేపు వినిపించి ఆగేది. "మాషీమా, జెల్ వేస్తున్నాను" అని మూడుసార్లు చెప్పింది. చేత్తో తీయాల్సిన అవసరం రాలేదు.

మర్నాడు కట్టు విప్పితే చెల్లి ముఖం మీద మశూచి మచ్చలు కూడా స్పష్టంగా కనిపించాయి. "ఏటే అలా సూత్తన్నావ్?" అంటూ అది ఏడ్చేసింది.

నెల తిరక్కుండా డాక్టరమ్మ తీసిన రెండు కళ్ల ఫొటోలూ పట్టుకుని మొదటి ఆసుపత్రికి వెళ్లాను. పెద్ద డాక్టరు వాటిని పైపైన చూసి, "వయసు కదమ్మా" అన్నాడు.

"రెండో కంటికీ అదే వయసు డాక్టరుగారూ," అన్నాను. "ముందు కణాలెందుకు లెక్కపెట్టలేదో కాగితం మీద రాసివ్వండి."

ఇంకా రాసివ్వలేదు. పోయిన మంగళవారం మళ్లీ వెళ్లి, ఆయన గది బయట ముందు వరసలోనే కూర్చున్నాను.