సుగుణమ్మ సిస్టర్ రాసిన టైము

మొన్న నేను పాఠాలు చెప్పే మెడికల్ కాలేజీలో క్లాసు మొదలయ్యే ముందు, గోల సద్దుమణగడానికి ఒక నర్సింగ్ విద్యార్థిని కత్తెర పిడితో స్టీలు ట్రే మీద రెండుసార్లు కొట్టింది. ఖంగుమన్న ఆ చప్పుడుకు అందరూ నవ్వుకుంటూ దగ్గరికి చేరారు. నాకు మాత్రం ఒక పాత వార్డు గుర్తొచ్చింది. పద్నాలుగేళ్ల కిందట, పాలమూరు వైపు ఒక చిన్న సర్కారు దవాఖానలో నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, రోజూ పొద్దున ఎనిమిదింటికి సుగుణమ్మ సిస్టర్ ఇట్లాగే ట్రే మీద కొట్టి మమ్మల్నందరినీ పిలిచేది.

ఆమెది అమరచింత. తల్లిదండ్రులు ఏటా వలస పోయే కూలీలు. హాస్టళ్లలో ఉండి చదువుకొని నర్సయింది, నేను చేరేనాటికి హెడ్ నర్సు. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఎనిమిదింటికి ఒక రోగి మంచం చుట్టూ డాక్టర్లం, నర్సులు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్, ఆయా బాలమ్మ అందరం నిలబడాలి. ఎవరు ఏం గమనించారో వాళ్లు చెప్పాలి. ఆమెకు ఈ పని ఎవరూ అప్పగించలేదు, ఏ పుస్తకమూ చూసి మొదలుపెట్టలేదు. పెద్ద డాక్టర్లు దీనికి 'సిస్టర్ పంచాయితీ' అని పేరు పెట్టి, దూరం నుంచే నవ్వుకొని వెళ్లిపోయేవారు. నేనూ మొదటివారం అట్లాగే నవ్వాను.

అప్పుడు మా వార్డులో ఉప్పునుంతల నుంచి వచ్చిన ఒక ముసలాయన ఉన్నాడు. మూడు రోజులైనా జ్వరం దిగలేదు. నేను కేసు షీటు తెరిచి, మందు మార్చాలంటూ మొదలుపెట్టాను. సిస్టర్ చెయ్యెత్తి ఆపింది.

"జర ఆగుండ్రి సార్. రోగి కాడ ఎక్కువసేపు ఉండేది బాలమ్మ. ముందుగాల ఆమెను చెప్పనియ్యుండ్రి."

బాలమ్మ భయపడుతూ, "తాత గోలీలు మింగుతలేడు సారూ. గొంతుల తట్టుకుంటున్నయంట. దిండు కింద పెట్టుకుంటుండు" అంది. దిండు ఎత్తితే ఆరు గోలీలు. ఫార్మసిస్టు అదే మందు సిరప్‌గా ఉందని తెచ్చి ఇచ్చాడు. రెండో రోజుకు జ్వరం దిగింది. ఆ ముసలాయన ముందు నా చదువంతా తేలిపోయినట్టు అనిపించింది. సిస్టర్ ఏమీ దెప్పలేదు. "మీకు తెల్వదని కాదు సార్, మీకు చెప్పేటోళ్లు లేరు" అని మాత్రం అంది. ఆ తర్వాత ఏడు నెలలు నేను ఒక్క రోజు కూడా పొద్దున ఎనిమిదింటి ఆ కూడిక తప్పలేదు. డాక్టరుగా నాకు వచ్చిన పనిలో సగం అక్కడ నేర్చుకున్నదే.

ఇంత నేర్చుకున్నవాణ్ణే ఆమెకు ఏం చేశానో కూడా రాయాలి.

వడ్డేపల్లి నుంచి వచ్చిన లక్ష్మికి ఒక పొద్దున కాన్పయింది. ఆడపిల్ల. పత్తి చేలల్లో పనిచేసే ఇరవై ఏళ్ల మనిషి. పదకొండున్నర దాటాక బాలమ్మ వచ్చి, బట్ట మార్చడం ఇది మూడోసారి అని సిస్టర్‌కు చెప్పింది. సిస్టర్ వెళ్లి చూసి, నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"సార్, నెత్తురు ఆగుతలేదు. పెద్దసారును పిలువుండ్రి. పెద్ద దవాఖానకు తోలుదాం."

నేను బీపీ చూశాను. బాగానే ఉంది. ఆ మాటే అన్నాను.

"బీపీ ఆఖరుకు పడిపోతది సార్. నాడి చూడుండ్రి, ఎట్ల ఉరుకుతుందో!"

మా పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన దవాఖానలో లేడు. "బీపీ బాగుంది కదా, ఆగు. నర్సులు ప్రతిదానికీ పరేషాన్ అవుతరు" అన్నాడు. నేను ఆగాను. సిస్టర్ మరో రెండుసార్లు వచ్చి చెప్పింది. తనకు తెలిసినవన్నీ చేస్తూనే ఉంది. సెలైన్ ఎక్కించింది, గర్భసంచి గట్టిపడేందుకు పొత్తికడుపు నొక్కుతూ కూర్చుంది. ఒంటిగంటకు బీపీ ఒక్కసారిగా పడిపోయింది. అప్పుడు అంబులెన్సు ఎక్కించాం. లక్ష్మి దారిలోనే పోయింది.

విచారణ పెట్టారు. నర్సుల రిజిస్టరులో సిస్టర్ గుండ్రటి అక్షరాలతో, 'పదకొండు నలభైకి డ్యూటీ డాక్టరుకు చెప్పాను' అని రాసి ఉంది. విచారణకు ముందురోజు మా పెద్ద డాక్టరు నన్ను గదిలోకి పిలిచాడు. "నీ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ మీద సంతకం చేసేది నేనే కదా" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అనాల్సిన అవసరమూ రాలేదు. మర్నాడు నర్సు మీకు ఎప్పుడు చెప్పిందని అడిగినప్పుడు, "ఒంటిగంటకు" అన్నాను.

సిస్టర్ నా ఎదుటి కుర్చీలోనే కూర్చుని ఉంది. నా వైపు చూసింది. నేను బల్ల వైపు చూశాను. రిజిస్టరులో ఆ టైమును ఆమె తర్వాత ఇరికించి రాసిందని తేల్చి, ఆమెను హెడ్ నర్సు పని నుంచి తీసేసి దూరంగా బదిలీ చేశారు. పోయే రోజు అందరికీ చెప్పింది, బాలమ్మను పట్టుకొని ఏడ్చింది. నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత వార్డులో ఎవరూ మంచం చుట్టూ నిలబడలేదు. నిలబెట్టే ధైర్యం నాకూ లేకపోయింది.

నిరుడు మా కాలేజీకి కొత్త ఆదేశం వచ్చింది. మెడికల్, నర్సింగ్, ఫార్మసీ పిల్లల్ని కలిపి కూర్చోబెట్టి, జట్టుగా పనిచేయడం నేర్పాలట. ఆ బాధ్యత నాకే ఇచ్చారు. నేను అమరచింత వెళ్లాను. రిటైరై, చెల్లెలి ఇంట్లో ఉంటోంది సిస్టర్. జుట్టంతా నెరిసింది. కుర్చీ వేసింది. ఒక్కరోజు వచ్చి పిల్లలకు చెప్పమని అడిగాను.

"ఆ విచారణ కాగితంల టైము సరిచేపిస్తరా సార్?" అంది.

"ఫైలు ఎప్పుడో మూసేశారు సిస్టర్."

"మరి నేనొచ్చి ఏం చెప్పాలె? అందరు కలిసి పనిచేయాలె అని చెప్పాల్నా?"

క్షమించమన్నాను. ఆమె వాకిట్లోకి చూసింది. "ఆ లక్ష్మి పోరికి ఇప్పుడు పదమూడేండ్లు సార్. తల్లి మొఖం ఎరుగదు. నన్నేం అడుగుతరు?" అని లేచి లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు.

జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి, పై అధికారులకు పంపాను. పాత రికార్డులు దొరకడం లేదని రెండు వరుసల జవాబు వచ్చింది. ఆ కబురు చెప్పడానికి మళ్లీ అమరచింత పోయే మొహం లేకపోయింది.

మొన్నటి క్లాసులో లక్ష్మి సంగతంతా చెప్పాను. కలిపి కూర్చోబెట్టినా, డాక్టరు చదువు పిల్లలు ముందు వరసల్లో, నర్సింగ్ పిల్లలు వెనక వరసల్లోనే ఉన్నారు. బీపీ కన్నా ముందు నాడి చూడాలన్నాను, ముందువాళ్లు రాసుకున్నారు. ఆయా మాట వినాలన్నాను, అదీ రాసుకున్నారు. అప్పుడు వెనక నుంచి ఒకమ్మాయి లేచింది.

"సిస్టర్ టైముకే చెప్పింది కద సార్. మరి ఆమెకెందుకు శిక్ష పడ్డది?"

"నేను అబద్ధం చెప్పినందుకు" అన్నాను.

ఆ మాట ఎవరూ రాసుకోలేదు.