సొరంగం అవతలి ఇల్లు

నన్ను ఆటపట్టించడానికి మా ఆయనకు ఒక మాట దొరికింది. ముక్కు మీద కోపం ఉన్న మనిషికి ముక్కుల ఉద్యోగమే వచ్చిందని. కాదనడానికేం లేదు. మాంట్రియల్‌లో నేను పనిచేసే ఇంజినీరింగ్ ఆఫీసులో మూడేళ్ళపాటు నా పనంతా ఒక జపాన్ బుల్లెట్ ట్రైన్ ముక్కు గురించే. రైలు మొదటి పెట్టె ముందుభాగం ఎంత పొడుగుండాలి, ఎక్కడ సన్నబడాలి, ఎక్కడ ఉబ్బాలి, అదీ నాకప్పగించిన లెక్క.

అంత పొడుగు ముక్కు వేగం కోసమేనని అందరూ అనుకుంటారు. చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. అసలు సంగతి సొరంగాలు. జపాన్‌లో కొండలెక్కువ కాబట్టి పట్టాలు చాలా దూరం కొండల లోపల్నుంచే పోతాయి. రైలు అంత వేగంతో వచ్చి సొరంగంలోకి దూరితే, లోపలున్న గాలి సైకిలు పంపులో గాలిలా నొక్కుకుపోతుంది. ఆ ఒత్తిడి రైలుకన్నా ముందు పరుగెత్తి అవతలి చివర ఢామ్మని పేలుతుంది. రైలింకా కొండలోపలే ఉంటుంది, బయట ఇళ్ళ కిటికీలు మాత్రం అదిరిపోతాయి. ముక్కు పొడుగ్గా ఉండి మెల్లమెల్లగా లావవుతూ వస్తే గాలి సర్దుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది, మోత తగ్గుతుంది. కానీ ముక్కు పెరిగితే మొదటి పెట్టెలో సీట్లు తగ్గుతాయి, తలుపు వెనక్కి జరుగుతుంది. జానెడు ముక్కు కోసం వారాల తరబడి బేరాలాడుకునేవాళ్ళం.

జపాన్ వాళ్ళ పద్ధతి మొదట్లో నాకు తెగ విసుగ్గా ఉండేది. వాళ్ళకి పొద్దున్నయితే మాకు సాయంత్రం. సరిగ్గా అన్నం వండుకునే వేళకి మీటింగ్, ఇంటినుంచే లాగిన్ అయ్యేదాన్ని. నేను తల ప్రాణం తోకకొచ్చేలా లెక్కలు కట్టి, గ్రాఫులు గీసి, ఇదిగో ఇంత వేగానికి ఇంత ఒత్తిడి అని చూపించేదాన్ని. వాళ్ళ టీముకి పెద్ద, రిటైర్మెంట్ దగ్గరపడ్డ మనిషి, అంతా ఓపిగ్గా విని ప్రతిసారీ ఒకటే అడిగేవాడు. అవతలి ఇంటికి ఎలా వినిపిస్తుంది అని. అవతలి ఇల్లంటే మాటవరసకి కాదు, నిజంగానే ఒక ఇల్లు. ఒక సొరంగం చివర, మలుపు పక్కన, పెంకుల కప్పుతో, ముందు కూరగాయల మడితో ఉంటుంది. ప్రతి మీటింగూ దాని ఫోటో తెరమీద పెట్టాకే మొదలయ్యేది. రైలెక్కేవాళ్ళని వదిలేసి ఎక్కనివాళ్ళ గురించి ఇంత చర్చేమిటని నాకు ఒళ్ళు మండేది. ఏడాది తిరిగేసరికి నాకూ అదే అలవాటైంది. గ్రాఫు చూడగానే ముందు ఆ ఇల్లే గుర్తొచ్చేది.

రెండో ఏడు, మంచు కరుగుతున్న రోజుల్లో నాకు నెల తప్పింది. పెళ్ళయిన ఆరేళ్ళకి. మా ఇంట్లో మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయటపెట్టరు. దిష్టి తగులుతుందంటారు. మా అక్క విషయం నాకు తెలిసింది కూడా ఆవిడకి నాలుగో నెల వచ్చాకే. అమ్మ ఈ నియమాన్ని నాకు ఎప్పుడో నూరిపోసింది. నేను దిష్టిని నమ్మను. అయినా ఎవరికీ చెప్పలేదు, అమ్మక్కూడా. మూడో నెల నిండాక అందరికీ ఒకేసారి చెబుదామని నేనూ మా ఆయనా అనుకున్నాం. ఆయన మాత్రం నేను సాయంత్రం మీటింగులో ఉండగా కెమెరాకి కనపడకుండా వంగుని వచ్చి, దానిమ్మ గింజలు ఒలిచిన గిన్నె కీబోర్డు పక్కన పెట్టి వెళ్ళేవాడు.

మూడో నెల నిండకుండానే పోయింది. ఆఫీసులో నొప్పి మొదలైంది. మా ఆయన వచ్చి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాడు. అక్కడ చాలాసేపు కూర్చున్నాం. డాక్టరమ్మ ఫ్రెంచిలో మొదలుపెట్టి, మా మొహాలు చూసి ఇంగ్లీషులోకి మారింది. ఇది చాలామందికి జరుగుతుందని, ఇందులో నా తప్పేమీ లేదని నెమ్మదిగా చెప్పింది. నేను థాంక్యూ అన్నాను. తిరిగి వస్తుంటే మా ఆయన, ఇంట్లో పాలు లేవు, ఆపనా అని అడిగాడు. ఆపమన్నాను. పాలు కొనుక్కుని ఇంటికొచ్చాం.

ఏడుపు రాలేదు. పంటి డాక్టరు మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక పెదవిని తడుముకుంటే అది మరెవరిదో అనిపిస్తుంది చూడండి, నాకు ఒళ్ళంతా అలా ఉండేది. ఆఫీసుకి జ్వరమని మెసేజ్ పెట్టాను. ఆ వారంలోనే మళ్ళీ మీటింగులో కూర్చుని అవతలి ఇంటి గురించి మాట్లాడాను. వచ్చిందనే ఎవరికీ చెప్పనిదాన్ని, పోయిందని ఎవరికి చెప్పను? మా ఆయనతోనైనా ఆ మాట ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. దానిమ్మ గింజల గిన్నె రావడం ఆగిపోయింది, అంతే. మిగతావన్నీ మామూలుగానే జరిగిపోయాయి.

పై శనివారం మాంట్రియల్ పక్కనే లవాల్ ఊళ్ళో మా స్నేహితురాలి శ్రీమంతం. వెళ్ళకుండా ఉండాలంటే ఒక కారణం చెప్పాలి. నా దగ్గరున్నది ఒక్కటే కారణం, అది చెప్పేది కాదు. పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. హాల్లో పులిహోర వాసన, స్పీకర్లో సన్నాయి, కుర్చీల మధ్య పిల్లలు ఇంగ్లీషులో అరుచుకుంటూ పరుగులు. నా వంతు రాగానే ఆ అమ్మాయికి గంధం రాసి, గాజులు తొడిగాను. లేచి పోబోతుంటే ఒక ఆంటీ, ఇక్కడే డాక్టరుగా చేసి రిటైరైన ఆవిడ, నా చెయ్యి పట్టుకుని ఆ అమ్మాయి పక్కనే కూర్చోబెట్టింది. పిల్లల్లేనివాళ్ళు అలా కూర్చుంటే కడుపు పండుతుందని ఒక నమ్మకం. ఆంటీయే ఆ అమ్మాయి ముందున్న పళ్ళెంలోంచి ఆకుపచ్చ గాజులు తీసి నా చేతికి తొడిగింది.

"కెరియర్ కెరియర్ అని ఇంకా పోస్ట్‌పోన్ చెయ్యకండమ్మా. వచ్చే ఏడు ఈ కుర్చీ నీదే" అంది.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ ఫోటో ఇప్పటికీ వాట్సాప్ గ్రూపులో ఉంది, అందులో నేను బాగానే నవ్వుతున్నాను. ఆవిడ నా మంచి కోరే చేసింది. ఆవిడ మీద నాకు కోపం కూడా రాలేదు. నాలాంటిదానికి కోపం రాలేదంటే, నాలో ఏదో చచ్చుబడిపోయిందని అప్పుడే తెలుసుకోవలసింది. సోమవారం మీటింగులో ఆ గాజులు కీబోర్డుకి తగిలి గలగలమంటుంటే, జపాన్ నుంచి ఎవరో ఎంతో మర్యాదగా, కాస్త మ్యూట్ చేసుకుంటారా అని అడిగారు. సారీ చెప్పి మ్యూట్ చేసుకున్నాను.

ఆ తర్వాత ముక్కు ఆకారం ఖాయమైంది. చెక్కతో చిన్న నమూనా చేసి, పొడవాటి గొట్టంలోకి దూసుకుపోయేలా పేల్చి, అవతలి చివర మోత ఎంతో కొలిచారు. మళ్ళీ సరిదిద్దారు, మళ్ళీ పేల్చారు. చివరికి అసలు పెట్టె తయారైంది. ఆ ఏడాది నాకెలా గడిచిందో అడిగితే చెప్పలేను. పని చేశాను, తిన్నాను, డ్రైవ్‌వేలో మంచు తీశాను. ఆదివారాలు అమ్మతో వీడియో కాల్‌లో చారు బాగా కుదిరిందనీ, చలి తగ్గిందనీ చెప్పాను. ఇంట్లో ఇద్దరం ఒకరికొకరు అడ్డం రాకుండా మర్యాదగా తిరిగాం. రూమ్మేట్లు కూడా అంత పద్ధతిగా ఉండరు.

కొత్త రైలుని పరీక్షించే రోజు వచ్చింది. పెద్దాయన మైకులు బిగించే మనుషులతో పాటు తానూ ఆ ఇంటికి వెళ్ళి పెరట్లో కూర్చున్నాడట. మర్నాడు మీటింగులో ఆ సంగతి ఆయనే చెప్పాడు. ఆ ఇంట్లో ఒక ముసలావిడ ఉంటుంది. ఇన్నేళ్ళుగా రైలు వేళకి మోత వస్తుందని తెలిసి, ముందే వెళ్ళి కిటికీ రెక్కలు చేత్తో పట్టుకుని నిలబడడం ఆవిడకి అలవాటు. ఆ రోజూ అలాగే పట్టుకుని నిలబడింది. అవతల రైలు సొరంగంలోకి దూరింది, ఇవతలికొచ్చింది, పట్టాల పక్కన కట్టిన గోడ చాటునుంచి పోయింది. కాసేపయ్యాక ఆవిడ వెనక్కి తిరిగి, ఇవాళ రైలు ఇంకా రాలేదేం అని ఆయన్ని అడిగిందట. అది చెబుతూ పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వచ్చినట్టూ పోయినట్టూ ఎవరికీ తెలియకపోవడం, మనం ఇన్నాళ్ళూ కోరుకున్నది ఇదే కదా అన్నాడు.

రెండువైపులా చప్పట్లు కొట్టారు. నా చేతులు పైకి లేవలేదు. కిటికీ రెక్కలు పట్టుకుని నిలబడ్డ ఆ ముసలావిడ మీద నాకు ఎక్కడలేని జాలి వేసింది. దాని వెనకే కోపం వచ్చింది, ఏడాది తర్వాత మొదటిసారి. పెద్దాయన మీద కాదు, ఆయన గెలిచాడు. నా బిడ్డ రైలు కాదు. వచ్చి పోయిందని ఎవరో ఒకరికి తెలియాలి. తెలియకపోతే అసలు రానట్టే లెక్క, అలా అనుకోవడం నావల్ల కాదు.

లాప్‌టాప్ మూసి వంటింట్లోకి వెళ్ళాను. మా ఆయన గిన్నెలు కడుగుతున్నాడు. ఇండియాలో అప్పుడే తెల్లవారింది, అమ్మ కాఫీ తాగే వేళ. ఫోన్ చేశాను. ఏమే, ఇవాళ ఆదివారం కాదుగా, అంటూ ఎత్తింది.

"అమ్మా, పోయినేడు నాకు కడుపొచ్చింది. మూడో నెల నిండకుండానే పోయింది."

వెనక కుళాయి ఆగింది. అమ్మ, పక్కన ఎవరో ఉన్నట్టు గొంతు బాగా తగ్గించింది.

"ఎవరితోనూ అనలేదు కదే?"

"నీతో అన్నాను కదమ్మా."

అప్పుడు అమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే ఒక్కొక్కటీ అడిగింది. నొప్పి బాగా వచ్చిందా, ఎవరు చూసుకున్నారు, వేడివేడిగా ఏమన్నా తిన్నావా, ఎన్నాళ్ళు పడుకున్నావు. తిన్నానని, పడుకోలేదని, అన్నిటికీ జవాబులు చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చివరికి అమ్మ ముక్కు చీదుకుని, అబ్బాయికి ఇవ్వు అంది.

మా ఆయన తడిచేత్తోనే ఫోన్ తీసుకున్నాడు. అమ్మ ఏమడిగిందో నాకు వినపడలేదు. "బాగానే ఉన్నానండీ అత్తయ్యగారూ" అన్నాడు, ఎప్పుడూ అనే మాటే. ఆ మాట అని అలాగే సింకు కింద నేలమీద కూలబడిపోయాడు. భుజాలు ఎగసిపడుతున్నాయి. అవతల అమ్మ, ఏమయ్యా, ఏమయ్యా అంటూనే ఉంది. పక్కన కూర్చుని ఫోన్ తీసుకోబోయాను. ఆయన ఇవ్వలేదు.