గీత పడని కార్డు

ఆ ఇంటి పై వాటాలో ముగ్గురు ఆడపిల్లలు అద్దెకుండేవారు. ముగ్గురూ చదువుకోవడానికి పరాయి దేశం వచ్చినవాళ్ళే. అందరికన్నా ముందొచ్చి పరిశోధన చేస్తున్నామె మిగతా ఇద్దరికీ పెద్దక్క. లా చదివే అమ్మాయికి లాయరనీ, ఈ ఏడే వచ్చిన చిన్నదానికి చిట్టి అనీ పేర్లు పెట్టింది ఆవిడే.

పెద్దక్కకి జాగ్రత్త కాస్త ఎక్కువ. ఫీజుతో పాటు అందరూ కట్టి తీరాల్సిన ఆరోగ్య బీమా కార్డుని ఆవిడ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ని పర్సులో పెట్టి, పర్సుని బీరువాలో పెట్టేది. పోతే ఇబ్బందని ముగ్గురి కార్డుల ఫొటోలూ ఫోన్ గ్రూపులో పెట్టించింది. అంతే తప్ప దాన్ని వాడే మాటెత్తితే ఒంటికాలి మీద లేచేది.

"వాడిన ప్రతిసారీ మన పేరు పక్కన గీత గీస్తారు. రేపు వీసా పొడిగించమంటే, ఈవిడ రోగిష్టి మనిషి, పంపించేయండి అంటారు."

"ఎవరు చెప్పారక్కా?" అని లాయరు అడిగేది.

"మా సీనియర్."

"ఆవిడకెవరు చెప్పారు?"

"నీకన్నీ సాక్ష్యాలే కావాలి!"

లాయరు బీమా నిబంధనలన్నీ తీసి చదివి వినిపించింది. ఎక్కడా గీతల ప్రస్తావన లేదు. "గీసేవాళ్ళు గీస్తామని రాసి పెడతారా?" అంది పెద్దక్క. లాయరు ఆ కేసు అక్కడితో వదులుకుంది. ఇంట్లో ఎవరికి ఏమొచ్చినా అల్లం నీళ్ళు, వేడినీళ్ళ సంచి, పెద్దక్క చీవాట్లతోనే తగ్గేది. కార్డు మీద ఒక్క గీత కూడా లేదని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

ఆవిడ పని లైబ్రరీ కింది అంతస్తులో. చిరిగిన పాత పుటల వెనక ఉల్లిపొర లాంటి కాగితాన్ని పిండి జిగురుతో అతికించాలి. భూతద్దం కింద, సన్నని కుంచెతో, ఊపిరి బిగబట్టి చేసే పని. ఒకరోజు పుట మీద నల్లటి నలుసు కనిపిస్తే కుంచెతో తుడిచింది. పోలేదు. పుట మార్చింది. నలుసూ దాంతోపాటే వచ్చింది.

మర్నాడు భోజనాల దగ్గర ఆవిడ గాలిలో చెయ్యి విసురుతుంటే లాయరు చూసింది.

"ఏంటక్కా, లేని దోమని కొడుతున్నావు?"

"దోమ కాదే. ఎడమ కంట్లో ఏవో నలుసులు. పక్కనుంచి ఎవరో ఫొటో తీస్తున్నట్టు మెరుపులు కూడా. నిద్ర చాలక."

"మెరుపులంటే చూపించుకోవాలక్కా. కన్ను పోతే ఆ కాగితాలెవరు అతుకుతారు?"

పెద్దక్క కలుపుతున్న చెయ్యి ఆగింది. "వీసా పొడిగింపు వచ్చే నెలలో వస్తుంది. వచ్చాక చూపించుకుంటా," అంది. ఈసారి గొంతులో దబాయింపు లేదు. ఆవిడ నిజంగానే భయపడుతోంది. ఏ భయం పెద్దదో తేల్చుకోలేకపోతోంది.

తెల్లారి చిట్టి కళ్ళు నులుముకుంటూ వచ్చింది. "అక్కా, నాకు మసగ్గా కనిపిస్తోంది. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇక్కడివాళ్ళతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. నువ్వు తోడు రావా?"

"మొదటి ఏడాదే గీత గీయించుకుంటావా? నీ ఖర్మ. పద."

ఆస్పత్రిలో కూర్చున్నంతసేపూ పెద్దక్క పాఠం చెప్పింది. "అడిగినదానికే జవాబివ్వు. ఇంకే జబ్బు పేరూ ఎత్తకు. మా ఇంట్లో అందరివీ మంచి కళ్ళని చెప్పు."

అంతలో కౌంటర్లో ఉన్నామె ఒక పేరు పిలిచింది. అది పెద్దక్క పేరు.

పెద్దక్క చిట్టి వైపు తిరిగింది. చిట్టి గోడ మీది కనుగుడ్డు బొమ్మని పరీక్షకి చదువుతున్నట్టు చదువుతోంది.

"నువ్వేనా?"

"లాయరు చెయ్యమంది, నేను నీ పేరు మీద ఫోన్ చేశా."

"నా కార్డు నంబరెలా తెలుసు?"

"గ్రూపులో నువ్వే పెట్టించావుగా."

"ఇంటికి పద, నీ పని చెప్తా."

"ముందు లోపలికెళ్ళక్కా, పిలుస్తున్నారు."

పదిమందిలో పరువు పోగొట్టుకోవడం ఇష్టం లేక పెద్దక్క లేచింది. కౌంటర్ దగ్గర ఆగి గొంతు తగ్గించి అడిగింది: "ఇది వాడితే వీసాకి ఇబ్బందేమీ ఉండదు కదా?"

ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది. "నేనూ ఇక్కడికి చదువుకోవడానికే వచ్చాను. ఎముక విరిగిందీ, ఇద్దరు పిల్లలు పుట్టిందీ ఈ బీమా మీదే. నన్నింకా ఎవరూ పంపించలేదు."

డాక్టరు రెండు కళ్ళలోనూ చుక్కలు వేసి, లైటు పెట్టి చాలాసేపు చూసింది. ఎడమ కంటి లోపలి పొర అంచున చిన్న చిరుగు. ఇవాళే లేజరుతో చుట్టూ అతికేయొచ్చు.

"ఒక నెల ఆగితే?" అంది పెద్దక్క.

"పొర ఊడి రావచ్చు. అప్పుడు చూపు దక్కుతుందని నేను చెప్పలేను."

పెద్దక్క గడ్డాన్ని యంత్రం మీద పెట్టి, చెప్పినవైపల్లా చూసింది.

బయటికొచ్చేసరికి వీధంతా తెల్లటి వెలుగు. చుక్కల మత్తు దిగలేదు, కంటికేదీ ఆనడం లేదు. అయినా పెద్దక్క రోడ్డంచున నిలబడి రెండు వైపులా చూసింది.

"బండ్లేమీ లేవు. దాటు."

"బస్సొస్తోందక్కా."

"ఎక్కడే?"

"నీ ముందే!"

బస్సు గాలి మొహానికి కొట్టి వెళ్ళిపోయింది. పెద్దక్క తడుముకుని చిట్టి మోచెయ్యి పట్టుకుంది.

"సరే," అంది, "ఎప్పుడు దాటాలో నువ్వే చెప్పు."