అవతలి కొండ

మాంట్రియల్‌లో ఎంత మంచు కురుస్తున్నా, ధరణి పొద్దున్నే లేచి ముందు చూసుకునేది ఆఫ్రికాలోని మలావీలో వాన సంగతి. అక్కడి కొండపల్లెల్లో ఆరోగ్య కేంద్రాలు నడుపుతూ, మట్టి కోసుకుపోకుండా వాలుల మీద మొక్కలు నాటించే ఒక చిన్న సంస్థలో ఆమె ఉద్యోగం. అక్కడి నర్సు తమండాతో రోజూ ఫోన్‌లో మాట్లాడుతుంది. కిటికీ దగ్గర నిలబడి, శాలువా అంచు వేలికి చుట్టుకుంటూ, పని మాటలు అయ్యాక కూరల సంగతులూ పిల్లల సంగతులూ చెప్పుకుంటుంది.

మార్చిలో అక్కడ తుఫాను వచ్చింది. కొన్నాళ్లుగా కలవని ఫోను ఒక ఉదయం కలిసింది. "మనం మొక్కలు వేసిన కొండ నిలబడింది మేడమ్. ఒక్క ఇల్లూ పోలేదు," అంది తమండా. ధరణి ఊపిరి పీల్చుకునేలోపే, "అవతలి కొండ జారిపోయింది. మా అక్క ఇల్లు అక్కడే," అంది. రెండు కొండల్లో ఏది ముందో తేల్చింది ధరణే. జీపు వెళ్లే దారి ఉందని ఇవతలిదాన్ని ఎంచుకుని, రెండోదాన్ని వచ్చే ఏటికి వాయిదా వేసింది.

"ఏమైంది? మీ ప్రాజెక్ట్ సేఫేనా?" అని భర్త కిరీటి వంటింట్లోంచి అడిగాడు. ఆమె తలూపింది.

"తమండా, నేను ముందే అక్కడ..." అనబోయింది. తమండా అననివ్వలేదు.

"ఈసారి అక్కడ వేద్దాం మేడమ్. వేళ్లు లోతుకు దిగే మొక్కలు వద్దు. అక్క ఇంకా ఆ మట్టి కిందే ఉంది. ఇక బయటికి తియ్యలేరట."

"సరే," అంది ధరణి. అక్కడ ఇంకా వాన పడుతూనే ఉంది. ఆ చప్పుడు వింటూనే, పైపైనే వేళ్లూనే మొక్కలేవో తమండాను అడిగి ఒక్కొక్కటీ రాసుకుంది.