జీనుకు తీసిన టికెట్

ఖమ్మంలో కుట్లు వేయించిన జీనును బస్సులో నా పక్క సీట్లో పెట్టి, దానికీ ఒక టికెట్ తీసుకున్నాను. దమ్మపేట దగ్గరి తోటలో ఐర్లండ్ జాతి కుర్ర గుర్రాన్ని ఈవెంటింగ్ అనే అడ్డంకుల స్వారీ పోటీకి తయారు చేస్తున్న రోజులవి. దుంగలు దూకడం, నీళ్లలోకి దిగడం అప్పుడప్పుడే నేర్చుకుంటోంది.

బస్సు కిక్కిరిసిపోయాక ఇప్పపువ్వు మూటతో ఎక్కిన ఒక ముసలామె జీను ముందు ఆగింది.

"ఏంది పిల్లా, గిది మనిషా? తీయ్."

"దానికీ టికెట్ తీసుకున్న అవ్వా. కింద పెడితే ఎవరన్న తొక్కుతరు. వంకరపోయిన జీను వేస్తే గుర్రానికి వీపు నొస్తది, ఇంక దూకదు."

"గుర్రం వీపు కోసం నన్ను నిలబెడ్తవా? సిగ్గుండాలె!"

"పైసలు కట్టిన సీటు," అన్నాను నేనూ తగ్గకుండా.

ఆమె మూటను కాళ్ల దగ్గర పడేసి, జీనును రెండు చేతులా ఎత్తి, ఆ సీట్లో కూర్చుని, దాన్ని తన ఒళ్లో పెట్టుకుంది.

"ఇప్పుడు తొక్కుతరా?"

నేను పట్టుకుంటానని చేయి చాస్తే కొట్టినంత పని చేసింది. గతుకు వచ్చినప్పుడల్లా జీనును పొట్టకు అదుముకుంటూ నన్ను తిట్టిపోసింది. చివరికి అడవిలో ఒక మలుపు దగ్గర బస్సు ఆపించి, జీనును నా ఒళ్లోకి తోసింది.

"పట్టు. రేపు నీ గుర్రం దూకకపోతే నన్ను ఆడిపోసుకోకు."

మూట ఎత్తుకుని, వెనక్కి చూడకుండా దిగిపోయింది.

గుర్రం ఇప్పుడు ఏ దుంగ దగ్గరా ఆగదు. జీను వేసేటప్పుడు మాత్రం చెవులు వెనక్కి వాల్చి నా వైపు కొరకొరా చూస్తుంది.

"అయిపోయింది అవ్వా," అంటూ పట్టీ బిగిస్తాను.